ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ సంస్థకి 60 ఏళ్లు: చరిత్ర పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీరడిగింది మిగతా వాళ్లకి కూడా అర్థమయ్యేలా ఒకసారి చెప్తాను. మీ తాతగారు కర్నూలు వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పని మొదలుపెట్టారు, బోర్డు మీద 1966 అని ఉంది, తర్వాత నాన్నగారు నడిపారు, ఇప్పుడు మీరు. 60 ఏళ్లు అయిందని చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నారు. పాత కాగితాలు చాలామటుకు 2009 వరదలో పోయాయి. ఒక డిజైన్ ఏజెన్సీ వాళ్లేమో ఫొటోలిస్తే చాలు, 40 పేజీలు మేమే రాసిస్తాం అన్నారట. వాళ్లకివ్వాలా, మనమే రాసుకోవాలా, రాసుకుంటే ఏం రాయాలి, ఎక్కడ దొరుకుతుంది అని మీ ప్రశ్న.

నా సమాధానం: మీరే రాయండి. ఫొటోలతో కాదు, లైసెన్స్ కాగితంతో మొదలుపెట్టండి. లైసెన్సు, కూలీల బటవాడా పుస్తకం, వసూలు కాని బిల్లులు, ఈ మూడూ చేతికొస్తే మన లైన్లో ఏ సంస్థ కథయినా ముప్పాతిక వంతు దొరికినట్టే. మిగతా పావు వంతు పాత వైర్‌మన్ల నోట్లో ఉంటుంది, వాళ్లు ఉన్నంతవరకే.

నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. 1986లో, పంతొమ్మిదేళ్లప్పుడు, కర్నూల్లో ఒక పాత కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా చేరాను. పన్నెండేళ్లు చేసి అనంతపురం వచ్చి సొంత లైసెన్సు తీసుకున్నాను, ఇప్పటికీ అదే పని. ఆ ఓనరు పోయాక 2018లో వాళ్లబ్బాయిలు మీలాగే పుస్తకం వేద్దామని, పాత పనివాళ్లందరూ నీకే కదన్నా తెలుసు అని నన్ను కూర్చోబెట్టారు. రెండు నెలల పని అనుకున్నది ఎనిమిది నెలలు పట్టింది. కింద రాసేదంతా అప్పుడు తిన్న ఎదురుదెబ్బల్లోంచి వచ్చిందే.

మొదటి ఎదురుదెబ్బ బోర్డు మీది సంవత్సరమే. వాళ్ల బోర్డు మీద 1961 అని ఉండేది, లెటర్‌హెడ్డు మీద కూడా. తీరా అటక మీద ట్రంకుపెట్టెలో దొరికిన లైసెన్సు చూస్తే 1969. పెద్దబ్బాయికి మొహం మాడిపోయింది, నాన్న అబద్ధం చెప్పాడా అన్నట్టు. అబద్ధమేమీ కాదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూల్ ప్రకారం, బల్బు మార్చడం, ఫ్యూజు వేయడం లాంటి చిన్నాచితకా తప్ప ఏ వైరింగ్ పనయినా ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాల్సి ఉండేది, అదీ పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు కళ్ల ముందే జరగాల్సి ఉండేది. లైసెన్సు రావాలంటే మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) లాంటి టెస్టింగ్ సామాను సొంతానికి ఉండాలి, పర్మిట్ ఉన్న మనుషులుండాలి, డబ్బులుండాలి. కొత్తగా దిగిన కుర్రాడికి ఇవన్నీ ఎక్కడివి? అందుకని లైసెన్సున్న పెద్దమనిషి దగ్గర చేరి పని తనే చేసేవాడు, టెస్ట్ రిపోర్టు మీద సంతకం మాత్రం ఆ పెద్దమనిషిది. మా ఓనరు ఎనిమిదేళ్లు అట్లాగే నెట్టుకొచ్చాడు. మీ తాతగారి కథలో కూడా ఇలాంటి ఏళ్లు ఉండే అవకాశం బాగా ఉంది, కంగారు పడొద్దు. మేం చివరికి "1961 నుంచి పనిలో, 1969 నుంచి సొంత లైసెన్సుతో" అని వేశాం. ఆ ఒక్క వాక్యం కోసం అన్నదమ్ముల మధ్య మూడు వారాలు మాటల్లేవు.

మీ తాతగారి లైసెన్సు ఇంట్లో లేకపోతే దారులున్నాయి. రాష్ట్రంలో కాంట్రాక్టరు లైసెన్సులు, సూపర్‌వైజరు, వైర్‌మన్ పర్మిట్లు ఇచ్చేది ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. అక్కడికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుకోవచ్చు. నాన్నగారో బాబాయిగారో కలిసి భాగస్వామ్యంగా పెట్టి ఉంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర ఫర్మ్ నమోదయి ఉండొచ్చు, ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లిపోయారు అన్నది ఆ రిజిస్టరులో తారీఖులతో ఉంటుంది. మీ ఆడిటరు గారి తండ్రి కూడా ఆడిటరే అయ్యుంటే (కర్నూల్లో ఇది మామూలే) వాళ్లింటి అటక అడగండి. మాకు 1974 నుంచి 1981 దాకా బ్యాలెన్స్ షీట్లు అట్లా దొరికాయి.

ఇక వరదలో తడిసిన కాగితాలు. 2009 అక్టోబర్ 2 సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే మీద పడితే వన్‌టౌన్‌లో కింది అంతస్తు అన్నది కనపడలేదు. నేను అనంతపురం నుంచి నాలుగో రోజు వెళ్లాను. ఓనరు ఆఫీసులో బీరువా తెరిస్తే ఫైళ్లు ఫైళ్లుగా లేవు, తడిసిన రొట్టెముక్కల్లా అతుక్కుపోయి ఉన్నాయి, వేలు పెడితే బురద. మేం చేసిన తప్పేంటంటే మిద్దె మీద ఎండలో పరిచేశాం. ఎండకి పైపొర గట్టిపడి, లోపలి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని పలకల్లా తయారయ్యాయి. నీడలో, పాత న్యూస్‌పేపర్లు మధ్యమధ్యలో పెట్టి, పేపర్లు మారుస్తూ ఆరబెట్టాల్సింది. కానీ అప్పుడు ఒక విచిత్రం చూశాం. సిరా పెన్నుతో రాసిన అసలు కాగితాలన్నీ నీలం మరకలయ్యాయి, కార్బన్ కాపీలు మాత్రం అక్షరం చెదరలేదు. కార్బన్‌లో ఉండేది మైనంలో కలిపిన మసి, నీళ్లకి కరగదు. మీ ఇంట్లో ఆ పలకలు ఇంకా పారేయకుండా ఉంటే, చిత్తు కాగితాలని వదిలేయొద్దు, పల్చటి కార్బన్ కాపీ కాగితాల కోసమే వెతకండి. మేం చేసిన కొటేషన్లు, బిల్లులు సగం వాటిల్లోంచే తీశాం.

దొరికిన కాగితాల్లో చాలావాటి మీద తారీఖు ఉండదు, లేదా మాసిపోయి ఉంటుంది. కాలం పట్టుకునే గుర్తులు కొన్ని చెప్తాను, మాకు బాగా పనికొచ్చాయి. లెక్క అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, లేదా పైసలకి అలవాటు పడని పెద్దాయన రాసింది. అడ్రసులో 518001 అని పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. విద్యుత్ బోర్డు పేరుతో ఉత్తరం ఉంటే 1959 ఏప్రిల్ నుంచి 1999 జనవరి మధ్యది. ఆ ఫిబ్రవరిలో బోర్డు రెండుగా విడిపోయి ట్రాన్స్‌కో, జెన్‌కో అయ్యాయి, 2000 ఏప్రిల్‌లో డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వచ్చాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కర్నూలు, అనంతపురం మొదట హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కంలో ఉండేవి, కడప మొదట్నుంచీ తిరుపతి కింద. 2014లో రాష్ట్రం విడిపోయాకే మన రెండు జిల్లాలూ తిరుపతి డిస్కంలో కలిశాయి. కాబట్టి కర్నూలు పని ఉత్తరం మీద తిరుపతి డిస్కం ముద్ర ఉంటే అది 2014కి ముందుది అయ్యే అవకాశం లేదు. టిన్ (వ్యాట్ పన్ను) నంబరుంటే 2005 తర్వాత, జీఎస్టీ నంబరుంటే 2017 జూలై తర్వాత. వైర్ల పట్టీలో 3/20, 7/20 అని గేజీల్లో ఉందని పాతది అనుకోకండి, నేను నిన్న కూడా షాపులో అట్లాగే అడిగాను.

ఇప్పుడు ఏం రాయాలి అన్నది. ఏజెన్సీ వాళ్లయితే "తొలి అడుగులు, విస్తరణ, విజయపథం" అని మూడు ముక్కలు చేస్తారు, మొదటి పేజీలో తాతగారు ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లేయరు పట్టుకుని బయల్దేరారు అని ఉంటుంది. ప్రతి కాంట్రాక్టరూ టెస్టరుతోనే బయల్దేరాడు, వేరే దేంతో బయల్దేరతాడు? దాని బదులు పని మారిన ప్రతిసారీ ఒక అధ్యాయం వేసుకోండి. మన దగ్గర పదిపదిహేనేళ్లకోసారి పని పూర్తిగా మారిపోయింది, మారలేకపోయిన వాళ్లు మూసుకున్నారు. అరవై ఏళ్లు నిలబడ్డారంటే మీ వాళ్లు కనీసం నాలుగుసార్లు కొత్త పని నేర్చుకుని ఉంటారు. చదివేవాడికి ఆసక్తి అక్కడే.

మొదటిది బ్యాటెన్ వైరింగ్ కాలం. అంతకు ముందు సంగతి, అంటే 1953 అక్టోబర్ నుంచి మూడేళ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజుల సంగతి, మీ తాతగారి కన్నా ముందు తరానిది. మా ఓనరు గురువుగారు ఆ గుడారాలకి లైట్లు కట్టినవాడని చెప్పేవాడు. ఎంతవరకు నిజమో గానీ పుస్తకంలో "చెప్పుకునేవారు" అని వేశాం.

బ్యాటెన్ వైరింగ్ గురించి కొంచెం ఎక్కువ రాయండి, ఎందుకంటే మీ తర్వాతి తరం దాన్ని చూడదు. గోడ మీద టేకు పట్టీ, దాని మీద జంట వైరు, వైరుని పట్టుకోడానికి ఇత్తడి క్లిప్పులు. అడ్డంగా పోయేచోట పది సెంటీమీటర్లకి ఒక క్లిప్పు, నిలువుగా పోయేచోట పదిహేనుకి ఒకటి. ముందు పట్టీకి క్లిప్పులన్నీ చిన్న ఇత్తడి మేకులతో కొట్టుకుని, తర్వాత వైరు పరిచి, ఒక్కో క్లిప్పూ ముడిచి నొక్కుతూ పోవాలి. చదునుగా ఉండే ఇటుక గోడకే ఓపిక కావాలి, మరి మన పాత ఊళ్లలో ఉన్నవి రాతి గోడలు, చవుడు మిద్దెలు. రెండడుగుల మందం రాతి గోడకి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వైరు పోవాలంటే ఉలి, సుత్తి పట్టుకుని అర్ధరోజు. పట్టీ కొట్టడానికి గోడలో చెక్క ముక్కలు దిగ్గొట్టాలి, రాయికి రాయికి మధ్య సందు దొరికిన చోటే అవి దిగుతాయి, అందుకే పాత ఇళ్లలో పట్టీ తిన్నగా పోకుండా వంకర్లు తిరిగి ఉంటుంది, పనితనం లేక కాదు. పైన దూలానికో దంతెకో కొడుతుంటే మిద్దె మన్ను నెత్తిన రాలేది. నేను చేరినప్పటికి కొత్త పనుల్లో అది తగ్గిపోయింది గానీ మరమ్మతులకి పోయి బోలెడు మన్ను తిన్నాను. ఒకసారి పత్తికొండ దగ్గర ఒక ఇంట్లో పాత పట్టీ ఊడదీస్తే వెనక పెన్సిల్‌తో తారీఖు, పక్కన "సినిమాకి పోవాలె" అని రాసుంది. మా ఓనరు ఆ ముక్కని ఆఫీసుకి తెచ్చి పెట్టుకున్నాడు, వరదలో అదీ పోయింది. ఇలాంటి పాత ఇల్లు ఒక్కటైనా ఇప్పటికీ మీ వాళ్ల వైరింగుతో నిలబడి ఉంటే ముందు వెళ్లి దాన్ని ఫొటో తీయండి. మీకు కావాల్సిన ఫొటో అదీ.

తర్వాత అల్యూమినియం. దేశంలో రాగి తక్కువ, దిగుమతికి విదేశీ మారకం లేదు, అందుకని 60ల్లోంచి అల్యూమినియం వైరుని ముందుకి తోశారు, 90ల దాకా మామూలు ఇళ్లల్లో అదే రాజ్యమేలింది. చవక, తేలిక. కానీ రెండుసార్లు వంచితే విరుగుతుంది, స్విచ్ స్క్రూ కింద వేడికి సాగి, చల్లారాక వదులవుతుంది, వదులయిన చోట మళ్లీ వేడి. పైపొర తుప్పు కరెంటు పోనివ్వదు. స్విచ్ బోర్డులు కాలిపోయిన ఇళ్లన్నీ మా ఓనరుకి తెలుసు, ఎందుకంటే వాటిలో కొన్ని ఆయన వేసినవే. ఇది రాయాలా అని వాళ్లబ్బాయి అడిగాడు. ఆ కాలంలో అందరూ అదే వేశారు, షాపులో దొరికేది అదే. ఆయన చేసిన మంచి పనేమిటంటే 1991 నుంచి పాత కస్టమర్ల ఇళ్లకి పోయి, ఏసీలు, గీజర్లు పెట్టేముందు రాగి లాగించుకోండి అని చెప్పి, కూలి మాత్రమే తీసుకుని మార్చాడు. రెండూ రాశాం.

ఆ తర్వాత మోటార్ల కాలం, మన సీమలో కాంట్రాక్టర్లకి అన్నం పెట్టింది ఇదే. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక పల్లెలకి స్తంభాలు పాతే పనులు, వాటి వెనకే పంపుసెట్లు, వాటి వెనకే బోర్లు. అనంతపురం వైపు నీళ్లు కిందికి పోయేకొద్దీ మోటారు హెచ్‌పీ పెరిగేది, కేబుల్ పొడవు పెరిగేది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ మోటార్లు, ఓల్టేజీ లేక కాలిపోయిన వైండింగులు. 2004 మే 14న వైఎస్ రాజశేఖర రెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పెట్టాక కెపాసిటర్లు పెట్టే పని, ఊరూరా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు వేసే పని వచ్చాయి. తాడిపత్రిలో, బేతంచెర్లలో బండ పాలిష్ యూనిట్లు, ఆదోనిలో జిన్నింగు మిల్లులు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు, 1994లో మొదటి యూనిట్ నడిచిన ముద్దనూరు థర్మల్, ఇవన్నీ మీ వాళ్ల పని తీరుని బట్టి అధ్యాయాలవుతాయో, ఒక్కో పేరా అవుతాయో మీరే చూసుకోండి.

సోలార్ గురించి ఒక మాట. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చాక మన కాంట్రాక్టర్లందరి బ్రోచర్లలోనూ దాని ఫొటో ఉంది. అందులో ఎంతమంది కేబుల్ కాలువ మాత్రమే తవ్వారో, ఎంతమంది ఫెన్సింగు లైట్లు మాత్రమే పెట్టారో మనకి తెలుసు. మీరు పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్టరు, దాని కింద ఇంకో సబ్‌గా చేసుంటే అదే రాయండి. "మూడో చేతి పని, బిల్లు పదకొండు నెలలకి వచ్చింది" అని రాస్తే ఈ లైన్లో ఉన్న ప్రతివాడూ నవ్వుకుని నమ్ముతాడు.

బటవాడా పుస్తకం గురించి వేరే చెప్పాలి. మా ఓనరు దగ్గర లెక్కలు రాసింది ఆయన కాదు, ఆయన భార్య. మేం అమ్మగారు అనేవాళ్లం. ఎర్ర గుడ్డ అట్ట పొడుగు ఖాతా పుస్తకాలు, వారానికొక పేజీ. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, అడ్వాన్సు ఎంత, శనివారం చేతికి ఎంత. పక్కన చిన్న అక్షరాలతో ఆమె సొంత గుర్తులు: "జ్వరం", "పెండ్లి చూపులు", "మెగ్గర్ రిపేరు 45", ఒకచోట "చెప్పకుండ మానినాడు, అడగవద్దు". ఆ పుస్తకాలు చదువుతుంటే ఏ ఏడాది పని దండిగా ఉందో, ఏ ఏడాది ముగ్గురితో నెట్టుకొచ్చారో అంతా కనపడుతుంది. నా పేరు మొదటిసారి వచ్చిన పేజీ కూడా దొరికింది, ఆరు రోజులు, అడ్వాన్సు పది రూపాయలు, పక్కన "నిచ్చెన మీద భయం". ముప్పై ఏళ్లయింది, నాకు తెలియకుండా ఆమెకి తెలుసు! మీ ఇంట్లో కూడా లెక్కలు చూసిన ఆడవాళ్లు ఎవరో ఒకరు ఉండి ఉంటారు, బోర్డు మీద వాళ్ల పేరు ఉండదు. వాళ్లని అడగండి ముందు.

ఆ పుస్తకాల్లోనే రాని బిల్లు కథ కూడా బయటపడింది. 80ల్లో ఒక ప్రభుత్వ శాఖ కొత్త బిల్డింగుకి వైరింగ్ చేశారు. పని అయిపోయింది, లైట్లు వెలిగాయి, ఓపెనింగూ అయింది, ఫైనల్ బిల్లు మాత్రం రెండున్నరేళ్లు రాలేదు. కారణం వింటే కోపం రాదు, నవ్వొస్తుంది: ఎర్తింగ్ గుంతల కొలతలు ఎంబుక్కులో (ఇంజనీరు పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కకుండానే వాటిని పూడ్చేశారు. ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు, కొత్తాయన నేను చూడలేదు కాబట్టి సంతకం పెట్టను అన్నాడు. చివరికి మూడు గుంతలూ తవ్వి, బొగ్గు, ఉప్పు, పైపు చూపించి, మళ్లీ పూడ్చారు. ఆ రెండున్నరేళ్లలో ఒక్క శనివారం కూడా బటవాడా ఆగలేదు. ఎలా అంటే, పుస్తకంలో ఒకచోట "గాజులు, బ్యాంకు" అని రెండే మాటలున్నాయి. అమ్మగారిని అడిగితే అవెప్పుడో విడిపించాంలే అని మాట మార్చేసింది. పుస్తకంలో మేం ఆ పేజీ ఫొటో వేశాం, కింద ఏమీ రాయలేదు.

ఇక కష్టమైనది, ప్రమాదం. అరవై ఏళ్లలో ఏ ప్రమాదమూ జరగని ఎలక్ట్రికల్ సంస్థ ఉండదు, ఉందని రాస్తే మన లైను వాళ్లెవరూ నమ్మరు. 1992లో ఆదోని వైపు ఒక మిల్లు పని. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకున్నారు, లైను ఆఫ్ అయింది, మా వాడు స్తంభం ఎక్కాడు. మిల్లు వాళ్లు అవతలి పక్క జనరేటరు వేశారు, వాళ్లకి చేంజోవర్ స్విచ్ (లైనుకో జనరేటరుకో ఏదో ఒక్కదానికే కలిపేది) సరిగా లేదు, కరెంటు వెనక్కి తిరిగి లైనులోకి వచ్చింది. మనిషి బతికాడు, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు స్టోరు చూసుకున్నాడు. ఎక్కే ముందు మేం లైనుని ఎర్త్ చేసుంటే ఆ కరెంటు ఆయన చేతిలోకి పోయేది కాదు, అది మా తప్పు. ఆ రోజు నుంచి మా ఓనరు, ఎల్‌సీ ఉన్నా సరే, లైనుకి రెండు వైపులా ఎర్తింగ్ గొలుసులు వేయందే మనిషిని ఎక్కనిచ్చేవాడు కాదు. ఈ సంగతి తీసేద్దామని అబ్బాయిలు పట్టుపట్టారు, పేరు పాడవుతుందని. నేను ఆ స్టోరాయన్నే అడిగాను. ఆయన తన చెయ్యి చూసుకుని "నా వేళ్లు పోయినాయి గానీ పుస్తకంలో కూడా పోవాల్నా" అన్నాడు. వేశాం. మీరూ అట్లా ఎవరైనా ఉంటే ముందు ఆ మనిషిని గానీ, ఇంటివాళ్లని గానీ అడగండి, వాళ్లు వద్దంటే వదిలేయండి.

పాత వైర్‌మన్లతో మాట్లాడటం గురించి అడిగారు కదా. ఫోను ముందు పెట్టి "మన సంస్థ గురించి చెప్పండి" అంటే "మీ తాత దేవుడు" అంటారు, అంతకుమించి రాదు. చేతికి ఒక వస్తువు ఇవ్వండి. నేను సంచిలో ఒక పాత పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు, నాలుగు లింకు క్లిప్పులు, చేత్తో తిప్పే మెగ్గరు వేసుకుపోయేవాణ్ణి. ఎమ్మిగనూరులో ఎనభై దాటిన ఒక పెద్దాయనకి నన్ను గుర్తుపట్టడమే కష్టమైంది, మెగ్గరు ఒళ్లో పెడితే మాత్రం హ్యాండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు, సరిగ్గా తిప్పాల్సిన వేగంతో, ముల్లు వైపే చూస్తూ. తిప్పుతూ తిప్పుతూ, వన్ మెగ్ (ఒక మెగోమ్) కన్నా తక్కువ వస్తే మీ ఓనరు సంతకం పెట్టేవాడు కాదు, ఒక లాడ్జి ఓనరు యాభై రూపాయలు జేబులో పెట్టబోతే వైరింగ్ మొత్తం ఊడబీకించాడు అని మొదలుపెట్టి గంటన్నర చెప్పాడు. ఆ లాడ్జి కథ అబ్బాయిలకే తెలియదు. ఇంకొకటి, ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టండి, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, అప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది.

2009 తర్వాతి రెండు నెలలకి ఒక అధ్యాయం తప్పకుండా ఇవ్వండి. మీ కాగితాలు పోయిన కథ ఒక్కటే కాదు, ఊరంతా మీటరు బోర్డుల్లో బురద నిండి, మెగ్గరు పెడితే సున్నా చూపిస్తున్నప్పుడు మీ వాళ్లు ఏం చేశారన్నది. మునిగిన ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తనంతట ఆపేసే స్విచ్‌లు) కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టించుకుందామని జనం అడిగేవాళ్లు, పాపం డబ్బుల్లేవు. కానీ అవి మార్చాల్సిందే, లోపల బురద ఉంటే అవసరానికి ట్రిప్ అవ్వవు. మోటార్లయితే మంచినీళ్లతో కడిగి, బల్బులు పెట్టి ఆరబెట్టి, మెగ్గరు చూసి మళ్లీ వాడుకోవచ్చు. మీ నాన్నగారు అప్పుడు ఎవరెవరింట్లో ఏం చేశారో ఆ వీధి వాళ్లకి ఇప్పటికీ గుర్తుంటుంది, అడిగి చూడండి.

అన్నదమ్ముల పంపకం జరిగి, ఒకే సంవత్సరంతో రెండు బోర్డులుంటే (మన ఊళ్లలో ఇది ఎన్ని చోట్ల లేదు!) ఎవరిది అసలుది అన్న చర్చలోకి పోకండి. విడిపోయిన తారీఖు, ఎవరికి ఏ పని పోయింది, అంతవరకే. అచ్చుకి ముందు ఆ పేజీ అవతలి వాళ్లకి చూపించండి. మేం చూపించాం, వాళ్లు ఒక్క మాట మార్చి, రెండు పాత ఫొటోలు ఇచ్చారు.

ఏజెన్సీకి పేజీ డిజైను, అచ్చు పని ఇవ్వండి, దానికి వాళ్లే నయం. రాత మీది. నలభై పేజీలు నిండకపోతే ఇరవై నాలుగు వేయండి, ఎవరూ కొట్టరు. పాత లైసెన్సు, పర్మిట్లు ఫొటో వేసేటప్పుడు నంబర్లు, సంతకాలు కనపడకుండా చేయించండి, వాటిని వాడుకుని దొంగ టెస్ట్ రిపోర్టులు పుట్టించేవాళ్లు ఉంటారు.

చివరగా లైసెన్సింగ్ బోర్డుకి అర్జీ పెట్టేటప్పుడు తాతగారి పేరు ఆధార్‌లోనో ఇంటి పన్ను రసీదులోనో ఉన్నట్టు కాకుండా, ఆ కాలంలో ఇంగ్లీషులో ఎలా రాసేవారో అలా రాయండి, తండ్రి పేరు కూడా పెట్టండి. మా ఓనరు ఇంటిపేరు పాత కాగితాల్లో ఒకే అక్షరంగా, కొత్తవాటిలో పూర్తిగా ఉంది, మేం పూర్తి పేరుతో అడిగి, లేదని జవాబు వస్తే లేనే లేదనుకుని ఊరుకున్నాం. ట్రంకుపెట్టెలో అసలు కాగితం దొరికాక గానీ మా తప్పు తెలియలేదు. మీకు జవాబు వచ్చాక ఇక్కడే చెప్పండి, ఆ సంవత్సరం 1966 కాకపోతే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.